టవాలు ఒకటి తక్కువ

నక్షత్రం పట్టింది నేనే.
వెదురుగడకు కట్టిన కాగితం నక్షత్రం, లోపల జీరో బల్బు.
"లాడ్జీలో లిఫ్టు నడిపేవాడివి,
ఎక్కించేది దించేది నీకేం కొత్త?" అన్నాడు ఏసుపాదం.

నాటకానికి అయిదు మంది ఉండాల.
వైకుంఠ ఏకాదశి దగ్గరికొచ్చింది, తిరుపతంతా జనం.
జీపు తోలే మోజెస్‌కు సెలవు లేదు.
క్యాంటీన్లో ఇడ్లీలు దించే రత్నమక్కకు సెలవు లేదు.
జ్ఞానుల్లో ఇద్దరు రేణిగుంట స్టేషన్లో
మూటలు మోస్తా ఉండారు.
"నేనే అందర్నీ ఐతా పో" అన్నాడు
మా కౌంటర్లో పద్నాలుగేండ్లుగా రాత్రి డ్యూటీ చేసే మనిషి.

కొర్లగుంట సందులో చర్చి, వెనక రేకుల షెడ్డు.
సామాను ఒక్కటే, లాడ్జీ టవాలు,
మూలలో నీలం దారంతో మా లాడ్జీ పేరు.
తలకు చుడితే వడ్రంగి.
ముసుగేస్తే నెలలు నిండిన పిల్ల,
నడుం మీద చెయ్యేసి అడుగడుక్కీ ఆగేది.
భుజాన వేస్తే సత్రం యజమాని.
రెండు కొసలూ పట్టి ఊపితే గొర్రె.
చెవులు కూడా వచ్చినాయి, ఒట్టు.

తలుపు కొట్టినారు.
కొట్టింది వాడే, నోటితో.
"మీకు ఇక్కడ స్థలము లేదు" అని కాగితంలో ఉంది.
వాడి నోట్లోంచి వచ్చింది:
"రూముల్లేవు సామీ. ఆన్‌లైన్లో బుక్ చేసినారా?
ఆధార్ ఉందా? పక్క సందులో అడగండి."
షెడ్డంతా గొల్లుమనింది.
మా ఊర్లో ఈ మాట చెప్పి బతికేవాళ్ళే సగం మంది.

నవ్వు ఆగినాక కూడా వాడు తలుపు దగ్గరే ఉండాడు.
మళ్ళీ వడ్రంగి కావాల. కాలా.
టవాలు భుజం మీద నుంచి తియ్యలా.
కాగితంలో సత్రం వాడి పని అంతటితో సరి,
తలుపేసినాక వాడేం చేసినాడో ఎవురూ రాయలా.
ఏసుపాదం చేసి చూపించినాడు.

తాళంచెవులు లెక్కపెట్టినాడు, గాల్లో, ఒక్కొక్కటే,
ఇరవై రెండు. మా లాడ్జీలో గదులూ అన్నే.
చాప పరిచినాడు. ఈ పక్కకు తిరిగినాడు. ఆ పక్కకు.
లేసి నీళ్ళు తాగినాడు.
"కొట్టంలో ఆవులు ఇంకా నిద్రపోలేదేందబ్బా" అని
లాంతరు పట్టుకుని పోయినాడు.
నక్షత్రాన్ని ఆ పక్కకు జరపాల్నా వద్దా నాకు తెలీలా.
జరిపినా.

తొంగి చూసినాడు.
ఏం చూసినాడో మాకు చూపించలా.
వీపే కనిపించింది, చొక్కా మీద చెమట మరక.
భుజం మీది టవాలు తీసి, మడిచి,
లోపలికి అందించినాడు.
అటు పోయి అందుకున్నది కూడా వాడే.
చేతుల్లో ఆ టవాలే పిల్లోడైంది.

పాస్టరయ్య గడియారం చూపించినాడు.
కాపర్లు, జ్ఞానులు, ఒంటెలు, అన్నీ రెండు నిమిషాల్లో ఉరుకులు.
తలా ఒక కేకు ముక్క, టీ.

పదిన్నరకు వాడు కౌంటర్లో, నేను లిఫ్టులో.
వాడి చెవి వెనక గడ్డం జిగురు ఇంకా పోలా.
పన్నెండు దాటినాక ఒక ముసలామె, మనవడు.
ఇద్దరికీ గుండ్లు, గంధం ఆరలా.
మరాఠీయో ఏమో మాట్లాడతా ఉండారు.
"రూముల్లేవు సామీ" అన్నాడు ఏసుపాదం.
అదే గొంతు. నిజంగానే లేవు.
నేను లిఫ్టు తలుపేసుకున్నా.

తెల్లారుజామున టీకి పోతా చూసినా.
పక్క షాపు మెట్ల మీద ఆమె కూచోనే నిద్రపోతా ఉండాది.
ఒళ్ళో పిల్లోడి గుండుకు చెవుల దాకా టవాలు,
నుదుటి మీద నీలం దారం.

ఎనిమిదికి లాండ్రీ లెక్క.
దుప్పట్లు సరి. టవాళ్ళు ఒకటి తక్కువ.
మేనేజరు గొంతు మూడో అంతస్తు దాకా వినపడింది.
"అరవై రూపాయలు, జీతంలో పట్టుకో సార్,"
రిజిస్టర్లోంచి తల ఎత్తలేదు ఏసుపాదం.

నేను నోరు మెదపలా.
లిఫ్టు మూలలో ఆనించిన నక్షత్రం
ఎవురో చీర కొంగుకు తగులుకుని చిరిగింది.
పైనుంచి గంట కొడతా ఉండారు.